ఎక్స్‌రే బొమ్మను రోగి చేతికిచ్చు విధానం

మానవ చరిత్రలో ఎముకకు అసలైన గౌరవం దక్కింది రెండువేల అయిదులో, విశాఖపట్నంలోని ఒక పెద్దాసుపత్రిలో. ఆ ఏడు అక్కడ ఎక్స్‌రే ఫిలిం రద్దయింది. అంతకుముందు ఫిలింను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చుట్టాలంతా తలో రోగం చెప్పేవారు. ఇకమీదట బొమ్మ కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది. (ఎంత భద్రంగా అంటే, డాక్టరుకు కూడా కనబడదు.)

ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు సన్యాసిరాజు కాలిమీద ఐసు దిమ్మ పడి, మోకాలి కింద ఎముక విరిగింది. బెడ్డు గురువారం ఖాళీ అవుతుంది, అప్పుడు ఆపరేషన్ అని చెప్పి, కట్టు కట్టి ఇంటికి పంపారు. బొమ్మ తీసింది కింది అంతస్తులో, చూడవలసిన డాక్టరు రెండో అంతస్తులో. రెండు కంప్యూటర్లనూ కలిపే వైరు మంజూరయింది, రాలేదు. అందాకా బొమ్మను సీడీలో ఎక్కించి ఇస్తారు.

సీడీ కోసం నేను వెళ్లాను. చిత్ర సంరక్షణాధికారి నరసింహమూర్తిగారు ఫారం ఇస్తే, అక్కడే కూర్చుని నింపి సంతకం పెట్టాను.

"రాత కుదురుగా ఉందమ్మా. బొమ్మ ఎవరిది?"

"మా తమ్ముడి కాలిదండి."

"అయితే ఆ కాలే రావాలి. రోగి బొమ్మ రోగి చేతికే. ఏడో నిబంధన."

"నడవలేకే గదండి ఈ బొమ్మ."

"నడవలేనివాళ్లకు పదకొండో నిబంధన ఉంది. నడవలేడని డాక్టరుగారు రాసివ్వాలి."

"బొమ్మ చూస్తేగాని రాయనన్నారండి ఆయన."

"అదే సరైన పద్ధతి," అని నరసింహమూర్తిగారు డాక్టరుగారిని మెచ్చుకున్నారు.

బుధవారం మా తమ్ముణ్ణి వాడి స్నేహితుడు అబ్బులు, ఐసు దిమ్మలు లాగే బండి మీద పడుకోబెట్టి తెచ్చాడు. బయటి బండ్లు లోపలికి తెస్తే జప్తు చేస్తామని గేటు దగ్గర బోర్డుంది. అందుకని బండిని జనరేటరు గది వెనక దాచారు.

"బావా, బండి మాట ఎత్తకు. ఓనరుకి తెలిస్తే నా పని పోద్ది," అన్నాడు అబ్బులు.

"నా కాలు పోతంటే నీకు బండి గోలేటి బావా?" అన్నాడు తమ్ముడు. అయినా మాటిచ్చాడు.

వాడు అబ్బులు భుజం పట్టుకుని సీడీలిచ్చే కిటికీ ముందు ఒంటికాలి మీద నిలబడ్డాడు. అధికారి రిజిస్టరు తెరిచారు.

"ఎలా వచ్చావు?" (ఆ గడి ఖాళీగా ఉంటే సీడీ ఇవ్వరు.)

తమ్ముడు జనరేటరు గది వైపు చూడకుండా, "నడిసే వచ్చానండి," అన్నాడు.

ఆయన అదే మాట రిజిస్టరులో ఒకసారి, సీడీ కవరు మీద ఒకసారి రాసి, ముద్ర వేసి ఇచ్చారు.

గురువారం డాక్టరుగారి కంప్యూటరులో సీడీ తెరుచుకోలేదు. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, బెడ్డును నడవలేని రోగికెవరికైనా ఇవ్వమని చెప్పి, మా తమ్ముణ్ణి రోజూ ఉదయం అరగంట నడవమని రాసిచ్చారు.