దొరసాని తిన్న ఆమ్లెట్

ముందుగా క్షమాపణ. ఒత్తులు తప్పినా, చెప్పడం ఆలస్యమైనా ఓర్చుకోండి. మా వారు పోయాక, అరవై ఎనిమిదో ఏట దిద్దుకున్న అక్షరాలివి.

మనిషి కట్టుకున్న వ్యవస్థలన్నిటిలోకీ మహత్తరమైనది పెంపుడు జంతువుల ఆహార సలహా కార్యాలయం. పిల్లి ఏది తినవచ్చో, ఏది తినకూడదో అక్కడ చెబుతారు. (ఎప్పుడు చెబుతారన్నది వేరే శాఖ చూసుకుంటుంది.)

మా పిల్లి దొరసాని ఆ ఉదయం నా పళ్లెంలోంచి ఉల్లిపాయలు దట్టంగా వేసిన ఆమ్లెట్ సగం లాక్కుని తినేసింది. "అయ్యో, పిల్లికి ఉల్లి విషం!" అంది పక్కింటావిడ. "మా పిల్లి రోజూ తినేది, ఏనుగులా ఉండేది," అన్నాడు వాళ్లాయన. ఎవరి మాట నమ్మాలో తేలక, దాన్ని బుట్టలో పెట్టుకుని కార్యాలయానికి పరిగెత్తాను.

"తిన్నదా, తినబోతోందా?" అన్నాడు మూడో కౌంటరు గుమాస్తా.

"తినేసింది బాబూ. ప్రమాదమా కాదా, ఒక్క ముక్క చెప్పు."

"తినకముందైతే సలహా పెద్దమ్మా. తిన్నాక విచారణే." ఫారం తోశాడు. "పిల్లి చేత వేలిముద్ర వేయించండి."

వేయించాను. (అరవై ఏళ్లు నేను వంకరగా వేసిన ముద్ర, అది మొదటిసారికే శుభ్రంగా వేసింది.)

"ఎందుకు తిన్నదో రాయలేదేం?"

"ఆకలేసి."

"ఆకలికి గడి లేదు. 'ఇతరములు' అనండి. ఇద్దరు సాక్షులు కావాలి. పిల్లికి బంధువులు కాకూడదు."

ఈలోగా దొరసాని బుట్టలో వాంతి చేసుకుంది.

"తుడవకండి, అది నమూనా!" అన్నాడు సంబరంగా.

అప్పుడు కనబడింది, అతని తల వెనక గోడంత బోర్డు. కూడబలుక్కుంటూ పైకే చదివాను. "పిల్లులకు ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ పెట్టరాదు. తిన్నచో వెంటనే పశువైద్యుని వద్దకు..."

"పెద్దమ్మా, ఆగండాగండి! అది తనిఖీకి వచ్చే పెద్దల కోసం రాయించింది. మీకు చదువొచ్చని ముందే చెప్పొద్దూ?"

బుట్ట ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి పడ్డాను. ఆయన ఫారం అడగలేదు (ఉద్యోగానికి కొత్త కాబోలు). "ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదమ్మా?" అని చీవాట్లు పెట్టి, సూదేసి, నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. దొరసాని బతికింది.

మూడు నెలలకు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది, దొరసాని పేరుమీద. నేనే చదివి వినిపించాను. "తమరు ఉల్లిపాయ తినవచ్చునా అన్న విషయం పరిశీలనలో ఉన్నది. నిర్ణయం వెలువడువరకు ప్రస్తుత ఆహారమునే కొనసాగించవలెను."

ఇట్లు,
దొరసాని వాళ్లమ్మ, డెబ్బై రెండేళ్లు.
ప్రస్తుత నివాసం: మూడో అంతస్తు, చివరి వాటా. దొరసాని దూరకుండా వంటింటి తలుపు వేసే ఉంటుంది.