దిర్హం లేచిన రోజు

రుద్రంగి విఠల్‌కు తారీఖులు గుర్తుండవు, దిర్హం రేట్లు గుర్తుంటాయి. దుబాయిలో ఇరవై రెండేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపిన మనిషి. ఏ రోజు దిర్హమ్‌కు ఎన్ని రూపాయలు వచ్చాయో ఆ రోజు క్యాలెండరు గడిలోనే రాసి పెట్టుకునేవాడు. పెళ్లెప్పుడయిందని అడిగితే "తొమ్మిదిన్నర ఉన్నప్పుడు" అంటాడు. కొడుకు రంజిత్ పుట్టింది పదకొండు డెబ్బైకి. ఒకసారి రేటు పద్దెనిమిదిన్నర దాటితే, ఇంకా పెరుగుతుందని వారం ఆగి, దిగిపోయాక పంపాడు. ఆ వారాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఇప్పుడు దుబాయిలో రంజిత్ ఉన్నాడు. ఇంటి స్లాబు కోసం ఇరవై వేల దిర్హమ్‌లు దాచాడు. పంపించమని చెప్పాల్సింది విఠలే. ఆయన మాత్రం దసరా నుంచి "ఆగు బిడ్డా, రూపాయి ఇంకా పడుతది" అంటూ ఆపుతున్నాడు. గోడలు లేచి నెలయింది. ఈ రోజు పైసలు ఇవ్వకపోతే సెంట్రింగ్ చెక్కలు ఊడదీసి ముస్తాబాద్ తీసుకుపోతానని మేస్త్రీ రాములు చెప్పేశాడు. ఇంట్లోనే ఉంటున్న అత్త మొగిలవ్వ సంగతి చెప్పక్కర్లేదు. "రేట్లు రాస్తే స్లాబు పడుతదా?" అని పూటకోసారి అడుగుతుంది.

ఆ ఉదయం మొగిలవ్వ కళ్లు చూపించుకోవడానికి మొదటి బస్సుకు కోరుట్ల వెళ్లింది. భార్య స్వరూప కూలీలతో పత్తి చేనుకు పోయింది. తొమ్మిది దాటగానే విఠల్ ఫోను తెరిచాడు. ఇరవై నాలుగున్నర! ఎన్నడూ చూడని రేటు. ఆనందం పట్టలేక జగిత్యాలలో ఉన్న పాత దుబాయి దోస్తు భూమన్నకు ఫోను కొట్టాడు.

"పడ్డది భూమన్నా, పడ్డది! నడుము ఇరిగినట్టే. ఇగ ఇప్పట్ల లేవది. గీ దినం కోసం ఎన్ని నెలల సంది చూస్తున్ననో నీకు తెల్వదా?"

గోడ అవతల బర్రెకు గడ్డి వేస్తున్న పక్కింటి లక్ష్మవ్వ చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. అత్తా అల్లుళ్లకు పడదని తెలుసు గానీ, ముసలామె పడితే ఇంత సంబరమా! స్వరూపకు చెబితే చేనులోనే గుండె ఆగుతుందని భయపడి, సిరిసిల్లలో ఉన్న ఆమె తమ్ముడు రాజేందర్‌కు ఫోను చేసింది.

రాజేందర్ వెంటనే బావకు ఫోను కలిపాడు. "బావా, పడ్డదట గదా?"

"పడ్డది. నీదాకా అచ్చిందా ముచ్చట?"

"గిప్పుడెట్లున్నది?"

"ఇంకా దిగుతనే ఉన్నది. సాయంత్రం దాకా చూద్దామనుకుంటున్న."

"చూసుడేంది బావా! ఏమన్న చెయ్యాలె గదా!"

"నీకు తెల్వదు, ఊకో. ఎంత పడితే మనకంత లాభం."

అవతల ఫోను కట్టయింది. సిగ్నల్ లేదనుకున్నాడు విఠల్.

రాజేందర్ కన్నీళ్లతో దుబాయిలోని మేనల్లుడికి ఫోను చేశాడు. "అల్లుడా, మీ అమ్మమ్మ పడ్డది. మీ బాపు దవాఖానకు గూడ తీస్కపోతలేడు." తర్వాత ఒక కారు, రెండు ఆటోలు మాట్లాడి, చుట్టాలను ఎక్కించుకుని బయలుదేరాడు. ఎందుకైనా మంచిదని ఒక పూలదండ కూడా కొని సీటు కింద పెట్టాడు.

పదకొండింటికి వాకిలి నిండింది. లక్ష్మవ్వ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. పైసల కోసం వచ్చిన రాములు ఆ గుంపును చూసి తలకు చుట్టుకున్న తువ్వాల తీసి పక్కన నిలబడ్డాడు. రాజేందర్ విఠల్ చొక్కా పట్టుకున్నాడు.

"మా అవ్వ ఏది?"

"కోరుట్ల దవాఖానకు పోయింది."

"ఎవలు తీస్కపోయిండ్రు?"

"ఎవలెందుకు? బస్సెక్కి పోయింది."

"పడ్డ మనిషిని బస్సెక్కించినవా!"

విఠల్‌కు అర్థమయ్యేలోపే మొగిలవ్వ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. డాక్టరు కంట్లో చుక్కల మందు వేసి నల్లద్దాలు పెట్టి పంపాడు. ఆమెకు కనపడుతున్నవి మసక మసక ఆకారాలే. వాకిలి నిండా జనం, ఏడుపు, రాజేందర్ గొంతు. అల్లుడు పోయాడని ఆమె మరుక్షణమే తేల్చుకుంది. అక్కడే కూలబడి గొంతెత్తింది.

"అయ్యో నా అల్లుడా! పొద్దుగాల మంచిగనే ఉంటివి గదయ్యా! నోరుజారి ఎన్ని మాటలంటినో! గంత లెక్క తెలిసినోడు జిల్లల లేకపాయె గదా!"

లక్ష్మవ్వ ఏడుపు సగంలో ఆగిపోయింది. రాజేందర్ చొక్కా వదిలేశాడు. ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడ్డ విఠల్ "అత్తా" అనబోయి నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె నోట తన గురించి ఒక మంచి మాట వినలేదు. ఇంకో రెండు వింటే పోయేదేముందనిపించింది.

"అవ్వా, నువ్వు పడలేదా?" అని రాజేందర్ గట్టిగా అరిచాకే ఆమె ఏడుపు ఆపింది.

"నేనెందుకు పడ్త? అల్లునికేమైంది?"

"నాకేం గాలేదత్తా. పడ్డది రూపాయి!" అన్నాడు విఠల్.

పడ్డదెవరో, లేచిందెవరో జనానికి తెలిసేసరికి చాలాసేపు పట్టింది. అందరూ నవ్వుకుంటూ ఉంటే రంజిత్ ఫోను వచ్చింది. "బాపూ, పైసలన్ని పంపిన. అమ్మమ్మను కరీంనగర్ తీస్కపో!"

"అమ్మమ్మ మంచిగనే ఉన్నది. ఎంతకు పంపినవ్ రా?"

"రేటెవలు చూసిండ్రు బాపూ!"

అంతసేపూ నిలబడ్డ విఠల్ అప్పుడు కూర్చున్నాడు. రేటు చూడకుండా పంపినవాడు తమ వంశంలో ఇంతవరకు లేడు. రసీదు తెప్పించి చూస్తే ఇరవై నాలుగున్నర. సాయంత్రానికి ఇరవై అయిదు అయ్యేదాన్ని తగలేశారని అతను ఫోను పట్టుకుని కూర్చున్నాడు. నాలుగింటికి రూపాయి లేచి కూర్చుంది. దిర్హం ఇరవై నాలుగు ముప్పైకి దిగింది. విఠల్ ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, ఆదివారమే స్లాబు పోయమని రాములుకు చెప్పాడు.

తొందరపడి పంపినందువల్ల నాలుగు వేలు మిగిలాయి. కారు కిరాయి, ఆటోల కిరాయి, ఇరవై ఇద్దరికి స్వరూప చేను నుంచి వచ్చి వండిన కోడికూర లెక్కేస్తే నాలుగు వేల వంద తేలింది. రూపాయి పడ్డందుకు వచ్చిన లాభం, మొగిలవ్వ పడనందుకు చుట్టాలకైన ఖర్చుకు వంద తక్కువైంది.