ఎడమ ఈక దిగ్విజయము

ఫ్యాన్లన్నియు మూడవ నంబరుపై గిర్రున తిరుగు వేళ, భోజనానంతర నిద్రాసాగరమున వీధి యావత్తు మునిగి, గేటు వద్ద కుక్క సైతము మొరుగుటను సాయంత్రమునకు వాయిదా వేసికొన్న వేళ, రెండంతస్తుల మేడ క్రింది వాటాలో, కిటికీ ప్రక్క బల్ల ముందు ఆసీనయై, గాలపు ముల్లుకు ఈకలు చుట్టి చేపలను బోల్తా కొట్టించు దొంగ ఈగలను సృష్టించు సూక్ష్మశిల్పధురంధర, పట్టకారు పట్టిన చేయి వణకని ధీర, ఆ యింటి కోడలు, గాజుపలకపై రెండు ఈకలుండవలసిన చోట ఒక్క ఈకను చూచెను.

కుడిది ఉన్నది. ఎడమది లేదు.

అది సామాన్యమైన జత కాదు. నలువది యేండ్ల క్రిందట నేలకొరిగిన అడవిబాతు రెక్కలనుండి గ్రహింపబడి, గాలపు వేటపై మోజుగల పళ్ల డాక్టరుగారి కీర్తిశేషుడైన తండ్రి పెట్టెలో మిగిలిన కడపటి జత. ఎడమ ఈక ఒక ప్రక్కకు ఒరుగును, కుడి ఈక రెండవ ప్రక్కకు ఒరుగును. రెండును జోడైననే దొంగ ఈగ నీట తిన్నగా సాగును, కానిచో బొంగరమై తిరిగి చేపలకు నవ్వులాట యగును. "ఇవే ఆఖరివమ్మా. మీ చేతిలో పెడితే దిగులుండదని తెచ్చాను" అని డాక్టరుగారు అప్పగింపగా, "నాదీ పూచీ" అని ఆమె మాట యిచ్చెను. కట్టిన ఈగకై ఐదింటికి వారు వచ్చెదరు. గడియారము మూడు చూపుచుండెను.

అంతట ఆమె చూపులు గది నలుమూలల దండయాత్ర సలిపి వసారాలోని పడక కుర్చీపై వ్రాలెను. అచట, ముప్పది రెండేండ్లు బస్సులలో టికెట్లు చింపి విశ్రమించిన కండక్టరుశిఖామణి, ఆమె మామగారు, అర్ధనిమీలితనేత్రులై, నోరు ఒక మూలకు పోయిన దివ్యమందహాసముతో, కర్ణకండూతినివారణమహాయజ్ఞమున తన్మయులై యుండిరి. ఆ యజ్ఞమునకు సమిధ ఎడమ ఈక.

"మామయ్యగారూ, అదెక్కడిదండీ?"

"ఇదా? నీ బల్ల మీదే పడుంది. మెత్తగా ఉందని తీశా. అగ్గిపుల్ల దీని ముందు దండగమ్మా."

"బయటికి తియ్యండి. మెల్లగా. తిప్పకండి."

"ఆగమ్మా, ఇంకొక్క స్టేజీ ఉంది, దిగిపోతా."

దిగిరి. ఈక వెలువడెను. వెన్ను నడిమికి వంగి, పోగులు ఐదు చోట్ల చీలి, కొన గుబిలితో పచ్చబడి, రణరంగమున కూలిన ధ్వజమువలె అది వ్రేలాడెను.

పెద్దవారిని అనరాదు. కావున కోడలు ఈకను అరచేత పట్టి వంటింటికి నడచెను.

ప్రథమ సంగ్రామము గిన్నెలో జరిగెను. గోరువెచ్చని నీటిలో షాంపూ చుక్కతో గుబిలిసైన్యము చెల్లాచెదరయ్యెను గాని, తేలిన ఈక తడిసిన ఎలుకతోకను తలపించెను. మామగారు వెనుకనుండి తొంగిచూచిరి.

"పోయింది కదమ్మా. పక్కింట్లో కోళ్లున్నాయి, ఓటి పీక్కురానా?"

"కోడి ఈక కుదరదండీ."

"చేపకేం తెలుస్తుంది?"

"చేపకి తెలీదు. డాక్టరుగారికి తెలుస్తుంది."

ఫ్యాను క్రింద ఆరినంతనే ద్వితీయ సంగ్రామమునకు భేరి మ్రోగెను. అనగా కెటిల్ కూసెను. ప్రళయకాలమేఘమువలె ఉబికివచ్చు ఆవిరిలో, పట్టకారున బిగించిన ఈకను ఆమె నిలుపగా, వంగిన వెన్ను నిదురలేచిన పామై కదలి, నూలుపోగంత, మరియొక నూలుపోగంత నిక్కసాగెను. సరిగా ఆ మహాముహూర్తముననే మామగారి హస్తము స్విచ్చువైపు సాగెను.

"నీళ్లు మరిగిపోతున్నాయి. టీ పొడి వెయ్యి మరి."

"మామయ్యగారూ, ఆ స్విచ్చు మీద చెయ్యి పడిందంటే రేపు సాయంత్రం దాకా ఈ ఇంట్లో టీ మాట వినపడదు. మంచినీళ్లు కూడా మీరే ముంచుకోవాలి."

ఆ భీషణప్రతిజ్ఞకు హస్తము వెనుకంజ వేసెను. వెన్ను నిటారయ్యెను.

ఇక తృతీయము. వ్రేళ్లతో మొదలునుండి కొనకు దువ్వగా దువ్వగా, ఒక్కొక్క పోగు తన ప్రక్కపోగును కరచిపట్టుకొని నాలుగు చీలికలు మూసుకొనెను. ఐదవది మూసుకొనలేదు, అచట మూడు పోగులు మొదలంట తెగిపోయినవి. అప్పుడామె, ముల్లుకు కట్టుటకు ముందు ఎట్లును పెరికివేయు మొదలు వద్ది పోగులలోనుండి మూటిని ఎన్నుకొని, సూదిమొనంత జిగురుతో ఆ ఖాళీలో నిలుపబూనెను. ఆ పోగులు ఎంత తేలికవనిన, ఎదుటివాని నిట్టూర్పునకే వీధిలో పడును.

"ఊపిరి పీల్చొచ్చా?" అని మామగారు ముక్కు పట్టుకొనియే అడిగిరి.

"ఇంకాసేపాగండి."

"ఎంతసేపు?"

"ఇంకొక్క స్టేజీ."

పోగులు నిలిచెను, ఈకలు జోడై ముల్లునకు ముడిపడెను, వాకిట గంట మ్రోగెను. ఐదు. ముడి బిగిసిన దొంగ ఈగను డాక్టరుగారు దీపమువైపు త్రిప్పి, నోరు తెరిచిన రోగిని చూచునట్లు చూచిరి.

"కుడిది మాసినట్టుంది. ఎడమది మాత్రం తళతళలాడుతోందేమిటి?"

"అది వంగిందండీ. బాగుచేశాను."

"ఎలా వంగింది?"

గోడగడియారమున సెకండ్ల ముల్లు అడుగు వేయుటకు వెనుకాడెను. పడక కుర్చీ కిర్రుమనెను.

"నేను చెవిలో పెట్టుకున్నానండీ" అని కండక్టరుశిఖామణి లేచి నిలిచిరి. "అమ్మాయి తప్పేం లేదు."

డాక్టరుగారు ఈగను దించి, ఆయన చెవివైపు వంగిరి.

"హాయిగా ఉందా?"

"అబద్ధమెందుకు, చాలా."

"మా నాన్నా అంతేనండీ. పెట్టె నిండా ఉండేవి. చేపల కోసం పోయినవి పది కూడా ఉండవు."

అంత వారు దారము పట్టి దొంగ ఈగను గిన్నెనీట లాగిరి. అది బొంగరము కాక, ఒక జానెడు దూరము తిన్నగా సాగెను.

కావున లోకులారా, తెలిసికొనుడు: రెండు గంటల ఘోరసంగ్రామానంతరము, రెండంగుళముల బాతు ఈక యొకటి, మధ్యాహ్నము భోజనమునకు ముందు ఎట్లుండెనో, సాయంత్రమునకు ఇంచుమించు అట్లే యుండెను.