ఆరోగ్యవంతుడు పోతే అందరికీ ఇబ్బంది

షుగరూ బీపీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులండీ! నవ్వకండి. మహమ్మారి రోజుల్లో ఒంట్లో ముందుగానే ఓ జబ్బు పెట్టుకున్నవాడు లోకానికి చేసే మేలు ఇంతా అంతా కాదు. వాడు పోతే కారణం వెతుక్కునే పని ఎవరికీ ఉండదు. ఏ జబ్బూ లేనివాడు పోయాడా, పెద్దలకి కంటి మీద కునుకుండదు.

నమ్మకం కుదరకపోతే ఈ కండక్టరు సంగతి వినండి.

బస్సు డిపోలో అందరూ ఆయన్ని షుగరు బావ అంటారు. షుగరు పెళ్ళినాటి నుంచీ తోడుంది. బీపీ, ప్రమోషను రాని ఏడాది దాని బదులు వచ్చింది. ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాక పలకరింపుల తీరే మారిపోయింది. క్యాంటీన్లో టీ అందిస్తూ, "జాగ్రత్త బావా, మీలాంటివాళ్ళకే..." అని సగంలో ఆపేసేవారు. మిగతా సగం ఆయన టీతోపాటు మింగేవాడు. బావమరిదైతే ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో అక్కనడిగి, ఆరా తీసి మరీ వెళ్ళాడు. సగటు ఆయుర్దాయం తగ్గిందని పేపర్లో చదివిన రోజు, ఆ తగ్గిందంతా తన వాటాలోంచే కోశారేమోనని బావకి అనుమానం పట్టుకుంది.

ఆయన బస్సు నడిపే డ్రైవరు మాత్రం దుక్కలాంటి మనిషి. తలనొప్పి మాత్ర ఏ రంగులో ఉంటుందో కూడా ఎరగడు. "నువ్వు నా వెనక కూర్చో బావా, ఏ గాలి వచ్చినా ముందు నాకే తగులుతుంది" అని నవ్వేవాడు.

ఇద్దరూ ఒకే వారంలో పడకేశారు. డిపో ఉద్యోగుల ఆసుపత్రి వరండాలో పక్కపక్క మంచాలు. బావని చూసి నర్సు పెదవి విరిచింది. డ్రైవర్ని చూసి, ఈయన లేచి నడుచుకుంటూ వెళ్ళిపోతారంది.

ఓ మధ్యాహ్నం డ్రైవరుకి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు అయిపోయింది. బావ నర్సుని పిలిచాడు. నిండు బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు ఆ రోజు మంచం దాటలేదు. గోడ పట్టుకుని పడుతూ లేస్తూ స్టోరు రూముకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. లోపలి సిలిండర్లన్నీ ఖాళీవే. తిరిగొచ్చేసరికి డ్రైవరుకి గాలితో పని తీరిపోయింది.

బావ బతికి ఇంటికొచ్చాడు. అందరూ సంతోషించారు. లెక్క తప్పిందన్న చిరాకు కూడా ఏ మూలో ఉంది, దాచుకున్నారు.

అసలు చిక్కు డ్రైవరు తెచ్చిపెట్టాడు. ఏ జబ్బూ లేకుండా పోతే ఎలాగండీ? డిపో అంతా పరిశోధనలో పడింది. చిన్నప్పుడు కామెర్లు వచ్చాయట అని ఒకరు. గురక పెట్టేవాడని ఇంకొకరు. కూరలో ఉప్పు మళ్ళీ వేయించుకునేవాడని క్యాంటీన్ వంటాయన సాక్ష్యం.

సంతాపసభలో మేనేజరు ఆ ఉప్పూ గురకా కామెర్లూ అన్నీ కలిపి, "వారికి లోలోపల పాత జబ్బులున్నాయి, ఆసుపత్రి చేయగలిగిందంతా చేసింది" అని తేల్చారు. ఆసుపత్రి కమిటీకి కూడా ఆయనే పెద్ద.

షుగరు బావ లేచి నిలబడ్డాడు.

"వాడికి ఏ జబ్బూ లేదండీ. సిలిండర్లు ఖాళీ. నేను చూశాను."

మేనేజరు కోప్పడలేదు. గొంతులో తేనె కలుపుకుని, "మీకు షుగరు కదా, ఆయాసపడకండి. కూర్చోండి" అన్నారు. వెనకనుంచి ఎవరో చొక్కా లాగారు. చూశారా, జబ్బున్నవాడికి ఎంత మర్యాదో! బావ సగం కూర్చున్నాడు కూడా.

ముందు వరసలో కూర్చున్న డ్రైవరు భార్య వెనక్కి తిరిగింది.

"కూర్చోకండి అన్నయ్యా" అంది. "ఎన్ని ఖాళీగా ఉన్నాయో చెప్పండి."

బావ ముందు కుర్చీ వీపు పట్టుకుని మళ్ళీ లేచాడు.

"అన్నీనమ్మా" అన్నాడు.