మంత్రిగారి మోటారు తిరిగిన రోజు

"ఇకపై మన కంపెనీ స్వయంగా ఏ వస్తువూ తయారు చేయదు" అని మేనేజర్ మోహనకృష్ణగారు ప్రకటించగానే నరసన్నపేట దగ్గరి ఫ్యాక్టరీలో చప్పట్లు మోగాయి. మోగాలని ముందే సర్క్యులర్ వచ్చింది మరి.

పొలంలో మోటారును ఇంట్లోంచి సెల్‌ఫోన్‌తో తిప్పే డబ్బాలు చేసే కంపెనీ అది. అందులో పదకొండేళ్లుగా రాగితీగ చుట్టి బిగిస్తున్న జగ్గమ్మ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టాక అడిగింది.

"మరి మేమేటి సేత్తాం బాబూ?"

"అన్నీ బయట సప్లయర్లు చేస్తారమ్మా. మనం క్వాలిటీ మీద ఫోకస్ పెడతాం."

"సెయ్యకుండానే?"

"అదే టెక్నాలజీ" అన్నారు ఆయన ఓపిగ్గా.

ఇరవైమంది ఆడవాళ్లను ఇంటికి పంపి, బల్లలకు గుడ్డలు కప్పారు. నెల తిరక్కుండానే మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. స్థానికులకు ఉపాధి ఇస్తున్నందుకు అభినందించడానికట. ఉపాధి ఫొటోలో కనబడాలి కదా. మేనేజరుగారు మాట మీద నిలబడే మనిషి. పనివాళ్లకు కూడా బయటే ఆర్డరిచ్చారు. మీటింగులకు జనాన్ని తోలే తిరుమలరావు ఆ ఆర్డరు పట్టుకుని తిన్నగా జగ్గమ్మ ఇంటికొచ్చాడు.

"ఒలే జగ్గమ్మా, రేపు ఫ్యాక్టరీలో పనోళ్లలాగ కూకోవాల. బిర్యానీ ఉంటాది."

"పనోళ్లలాగ కూకోడం నాకేటొచ్చు మావా?"

"నాను నేర్పుతాన్లే."

నేర్పాడు కూడా. తల వంచాలి, తీగ పట్టుకోవాలి, చుట్టకూడదు.

మర్నాడు ఫ్యాక్టరీలో తీరా చూస్తే కూర్చోబెట్టింది జగ్గమ్మ పాత బల్ల దగ్గరే. ఫొటో కోసం పాత సామాను పరిచారు. చెయ్యి ఊరుకోలేదు. మంత్రిగారి ఉపన్యాసం సగానికి రాకముందే ఒక డబ్బా పూర్తయింది. రోజూ మొదటిదానికి పెట్టే పసుపు చుక్క పెట్టి, రెండోది అందుకుంది.

మంత్రిగారు ఫోను తీసి, సప్లయర్లు పంపిన డబ్బా తగిలించి ఎదురుగా పెట్టిన నీళ్ల మోటారు తిరగాలని బటన్ నొక్కారు. తిరగలేదు. డబ్బా మార్చారు, తిరగలేదు. మూడోదానికి మైకు ఆగిపోయింది. మంత్రిగారికి ఇదొక్కటే బాధ కలిగించింది.

మేనేజరుగారు చెమటలు కక్కుతూ పక్క బల్ల మీది పసుపు చుక్క డబ్బా లాక్కుని తగిలించారు. మోటారు గిర్రున తిరిగి మంత్రిగారి పాదాలు కడిగింది.

"అద్భుతం. దీని సప్లయరెవరు?"

మేనేజరుగారు ఆ బల్ల వంక చూశారు, జేబులోంచి పనివాళ్ల ఆర్డరు కాపీ తీసి చూశారు.

"ఆ బల్లకు సప్లయరు... తిరుమలరావుగారండి."

ఉత్తమ సప్లయరు శాలువా తిరుమలరావు భుజమెక్కింది. జగ్గమ్మ చప్పట్లు కొట్టింది.

సాయంత్రం వ్యానెక్కి, బిర్యానీ పొట్లం ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"మావా, రేపు కూడా మంత్రిగారొత్తారేటి?"

"ఏలే?"

"రెండో డబ్బా సగంలో ఉండిపోనాది."