తామరపువ్వు హోమ్ పేజీ

ఆ ఆదివారం ఉదయం శైలజ నోటుపుస్తకంలో చేయవలసిన పనులు ఇలా ఉన్నాయి.

ఒకటి, హోమ్ పేజీ ఎనిమిదింటికల్లా బయటకు రావాలి. రెండు, పైనున్న మొదటి వాక్యం చూసేవాళ్ల బాధ గురించి ఉండాలి, మన గొప్ప గురించి కాదు. మూడు, రంగులు నిమ్మళంగా ఉండాలి. నాలుగు, ఫొటోలో నవ్వాలి, మరీ నవ్వకూడదు. ఐదు, మనల్ని ఎరిగినవాళ్లు చెప్పిన మంచి మాటలు నాలుగు ఉండాలి. ఆరు, నొక్కడానికి ఒకటే బటన్. ఏడు, కుర్చీలు తుడవాలి.

ఏడోది తప్ప మిగిలినవన్నీ ఆమె ఆన్‌లైన్ పాఠంలో నేర్చుకున్నవే.

శైలజ వాళ్ల ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మెస్సీ చదివి, నరసన్నపేటలో ఒక ఎరువుల కొట్టు పైగదిలో కౌన్సెలింగ్ మొదలుపెట్టి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో ముగ్గురు మెట్లెక్కారు. ఒకాయన యూరియా ఉందా అని అడిగాడు. ఒకావిడ జాతకం చూస్తారా అని అడిగింది. మూడో ఆయన నిజంగా కౌన్సెలింగ్‌కే వచ్చాడు గాని, మెట్ల కింద తెలిసినవాళ్లు కనబడేసరికి, తాను కూడా యూరియాకే వచ్చానని చెప్పి, చెప్పినందుకు ఒక బస్తా కొనుక్కుని వెళ్లిపోయాడు.

విజయనగరంలో ఒక ప్రైవేటు బడివాళ్లు హాస్టల్ వార్డెన్ ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తుందో రాదో సోమవారం లోపల చెప్పమన్నారు. తండ్రి నరసింగరావు వరి రైతు. ఆయన కూతురిని ఒక్క మాట కూడా అనలేదు. "సోమారం దాకా సూద్దాం తల్లీ. ఒక్కలంటే ఒక్కలు వొచ్చినా ఈ గది ఉంచుదాం. నేకపోతే విజయనగరం ఎల్లిపో," అన్నాడంతే. కాబట్టి మిగిలింది ఒక్క ఆదివారం.

పేజీ తయారు చేసే పని మేనత్త కొడుకు ధనరాజ్‌కు అప్పగించింది. ధనరాజ్‌కు మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీల షాపు ఉంది. బోర్డు మీద ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, వెబ్‌సైట్లు అని వరసగా రాసి ఉంటుంది. ఇందులో మూడోది ఇంతవరకు ఎవరూ అడగలేదు. శనివారం మధ్యాహ్నం శైలజ ఎదురుగా కూర్చుని చెబుతుంటే అతను శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఏటి కలరే?"

"తెలుపు బావా. అంచుకి లేత నీలం. చూడగానే మనసు కుదుటపడాలి."

"పువ్వులెయ్యాలా?"

"నిండా వద్దు. కింద ఒక్క తామరపువ్వు."

"దీపం?"

"వెయ్యి బావా. చీకట్లో వెలుగున్నట్టు ఉంటాది."

"పైన ఏటి రాయమంటావు?"

"మీ దుఃఖంలో మీరు ఒంటరి కారు, అని."

ధనరాజ్ తల ఊపాడు. ఈ రకం పని అతనికి చెయ్యి తిరిగిన పని. "బటన్ మీద?"

"ఉదయం పది గంటల నుంచి రావచ్చు, అని రాయి. కింద గది అడ్రసు."

"మంచి మాటలు నాలుగన్నావు కదా, అయ్యి ఎవులు సెప్తారు? నీకు గిరాకీయే నేదు."

"ఇంట్లోవాళ్లనీ, నా ఫ్రెండ్సునీ అడుగు బావా."

ధనరాజ్ వెంటనే బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. "శైలజ గురించి తలా రెండు మంచి ముక్కలు పంపండి. పేజీలో వెయ్యాలి. అర్జెంటు." ఎందుకో రాయలేదు. అడిగినది అర్జెంటు గనక ఎవరూ ఎందుకని అడగలేదు. చిన్నప్పుడు చదువు చెప్పిన లక్ష్మణమ్మ టీచర్ వరకు ఆ కబురు వెళ్లింది. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, "ఎవర్నీ నొప్పించని పిల్ల. అలాంటి పిల్ల మళ్లీ పుట్టదు," అని పంపింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నరసన్నపేట చుట్టుపక్కల ఎవరు కాలం చేసినా ఆ కబురు ఊరికి ధనరాజ్ ద్వారానే తెలుస్తుంది. ఫ్లెక్సీ కట్టే ముందు దాని బొమ్మను అతను తన వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. నాలుగు మండలాల జనం పొద్దున్న లేచి పళ్లు తోముకుంటూ ఆ స్టేటస్ చూస్తారు. అందులో ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు రాలేదు.

ఆదివారం ఎనిమిదింటికి అతను శైలజ పేజీని స్టేటస్‌లో పెట్టాడు. ఎనిమిదింబావుకు గ్రూపులో పద్నాలుగు దండాలు పడ్డాయి.

"అందరూ నమస్కారాలు పెడుతున్నారు బావా!" అని శైలజ ఫోన్ చేసి చెప్పింది. ఒకరు "నమ్మలేకపోతున్నాం" అని రాశారు. పేజీ అంత బాగుందన్నమాట. ఇంకొకరు "ఇంత తొందరగానా?" అని రాశారు. ధనరాజ్ ఒక్క రాత్రిలో చేసేశాడు మరి. శైలజకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత, మనిషి ఎదురుగా ఉండగా ఫోన్ మోగకూడదని పాఠంలో చెప్పారు గనక, దాన్ని సైలెంట్‌లో పెట్టి సొరుగులో వేసి, ఏడో పనికి దిగింది.

అదే సమయంలో పొలంగట్టు మీదున్న నరసింగరావుకు పలాస నుంచి ఒక బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, గుండె దిటవు సేసుకో."

"దిటవుగానే ఉన్నాను. రెండు నెల్లు సూసినాం. మనం ఏటి సేస్తాం?"

"రెండు నెల్లనుంచీ ఉన్నాదా? మాకు ఒక్క ముక్కయినా సెప్పనేదేటి?"

"సెప్పుకునే సంగతేటి? రేపటితో అయిపోద్ది."

"రేపటిదాకా ఉంచుతావా?"

"ఉంచుతాను. ఎల్లుండి పొద్దున్నే బస్సెక్కించి విజయనగరం పంపేస్తాను."

బావమరిది ఫోన్ పెట్టేశాడు. నరసింగరావుకు మతి చలించిందని అయినవాళ్లందరికీ చెప్పాడు. ఆ కారణంగా, రాకూడదనుకున్న మరో ఆరుగురు కూడా బయలుదేరారు.

పది కొట్టేసరికి శైలజ లోపలి గదిలో రెండు కుర్చీలను పాఠంలో చూపించినట్టు కొంచెం ఏటవాలుగా వేస్తోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఒకటి కాదు, చాలా. తలుపు సందులోంచి చూస్తే మెట్లనిండా చెప్పులు. ముందుగదిలో ఇరవైమందికి పైగా చాపలు పరుచుకుని నేలమీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. కింద ఎరువుల కొట్టాయన మర్యాదగా సగం షట్టర్ దించాడు.

హోమ్ పేజీ ఇంత బాగా పనిచేస్తుందని పాఠంలో కూడా చెప్పలేదు.

ఆమె ఫొటోలో కట్టుకున్న లేత నీలం చీరే కట్టుకుని ఉంది. తలుపు తీసుకుని మెల్లగా వచ్చి వాళ్ల ఎదురుగా కూర్చుంది. ఎదుటివాళ్లు నోరు విప్పేదాకా మనం తొందరపడకూడదని చదువుకుంది కాబట్టి ఏమీ మాట్లాడలేదు. ఫొటోలో నవ్వినంతే నవ్వింది. అలా ఒక నిమిషం గడిచింది. ఆ నిమిషాన్ని అక్కడున్నవాళ్లెవరూ ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఓలమ్మో, నవ్వుతన్నాది!" అని మొదట అరిచింది ధనరాజ్ తల్లి పద్మకుమారి. మేనకోడలి మీద ప్రేమ కొద్దీ ఆవిడే అందరికంటే ముందు కూర్చుంది. అరవడం అయ్యాక పక్కావిడ మీదికి ఒరిగిపోయింది.

నీళ్లు చల్లడం, గిల్లి చూడడం, ఇద్దరు మెట్ల దాకా పరుగెత్తి చెప్పులు దొరక్క తిరిగి రావడం, ఇవన్నీ అయ్యేసరికి పావుగంట పట్టింది. ధనరాజ్‌ను పిలిపించారు. తల్లి అతని చెవి పట్టుకుంది.

"ఒరే, బతికున్న గుంటకి ఆ పటం ఏటిరా?"

"అదే సెప్పినాది అమ్మా! తెలుపన్నాది, తామరపువ్వన్నాది, దీపం అన్నాది, నవ్వు కొంచెమే అన్నాది. దానికి నా దగ్గిర ఒకటే డిజైనున్నాది."

జనంలో కోపం బయలుదేరింది. సరుబుజ్జిలి నుంచి వచ్చినాయన తన ఆదివారం పోయిందన్నాడు. ఇంకొకాయన స్నానం చేయాలా అక్కర్లేదా అని అడిగాడు. శైలజ తల వంచుకుంది. రేపు పొద్దున్న విజయనగరం బడికి ఫోన్ చేసి ఏం చెప్పాలో మనసులో వాక్యం కూర్చుకోవడం మొదలుపెట్టింది.

అయితే ఎవరూ లేవలేదు. చావు పలకరింపుకి వెళ్లిన చోట పెద్దవాళ్లు లేవకుండా చిన్నవాళ్లు లేవకూడదు. అక్కడ అందరికంటే పెద్దది తాతమ్మ అనే ఆవిడ. శ్రీకూర్మం దాటాక ఉన్న సముద్రపు పల్లె నుంచి ముప్పై ఏళ్లుగా శైలజ వాళ్ల ఊరికి చేపల తట్ట మోస్తున్న మనిషి. ఆమె కదల్లేదు.

"లెగు తాతమ్మా. గుంట బాగానే ఉన్నాది," అంది పద్మకుమారి.

"ఉంటే ఉండనీయే. నాను ఏడుద్దామని వొచ్చినాను. రెండు బస్సులు మారినాను. బతికున్నాదని ఊరికే ఎలిపోమంటావేటి?"

"మరి ఎవులికోసం ఏడుస్తావు?"

"మా సెల్లి పోయి ఆర్నెల్లయినాది. ఇంట్లో ఏడిస్తే మా కోడలు టీవీ సౌండు పెంచుతాది."

ఈ మాట ఆమె అందరి ముందే అంది కనుక ఇక్కడ రాయవచ్చు. తర్వాత శైలజ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లి తలుపు వేసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ముప్పావుగంట పట్టింది. పెద్దావిడ లోపలుంది కనుక బయట ఇరవైమందీ కూర్చునే ఉన్నారు.

తాతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బయటకు వచ్చి, "ఒక్క ముక్క అడ్డం రానేదు. మా ఇంట్లో ఇలగ ఇన్నోలు నేరు," అంది. అని మళ్లీ చాప మీద కూర్చుంది.

కాసేపటికి సరుబుజ్జిలాయన గొంతు సవరించుకుని, ఎలాగూ వచ్చాను కదా అంటూ లేచాడు. ఆయన తర్వాత మరొకావిడ. కౌన్సెలింగ్ గది మెట్లెక్కితే పిచ్చి అంటారు గాని, పలకరింపుకి వచ్చినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. నరసింగరావుకు అసలు సంగతి ఎవరో ఫోన్‌లో చెప్పగా మోటారుసైకిలు వేసుకుని, కాళ్ల బురదతోనే రెండింటికి వచ్చి పడ్డాడు. కూతుర్ని పైనుంచి కిందికి ఒకసారి చూసుకున్నాడు. ఆ తర్వాతే అడిగాడు.

"ఎంతమంది తల్లీ?"

"ఐదుగురు నాన్నా. ఇంకా ఇద్దరు కూర్చున్నారు."

ఆయన వెంటనే కిందికి దిగి కొట్టాయన్ని షట్టర్ పూర్తిగా ఎత్తమన్నాడు. సోమవారం శైలజ విజయనగరం బడికి ఫోన్ చేసి రాలేనని చెప్పింది.

పేజీ మార్చేద్దామని ధనరాజ్ రెండు రోజులు వెంటపడ్డాడు. బెలూన్లున్న డిజైన్ కూడా చూపించాడు. శైలజ ఒప్పుకోలేదు. తెలుపు, తామర, దీపం, అన్నీ అలాగే ఉన్నాయి. ఫొటో కింద ఒక్క వాక్యం కలిపింది: "ఈమె బతికే ఉన్నారు, పలకరింపుకి రావచ్చు."

మీరు ఎప్పుడైనా ఆదివారం నరసన్నపేటలో బస్సు దిగి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ఎరువుల కొట్టు వైపు నడిచే ఒక ముసలావిడను చూస్తే, ఆమె తాతమ్మ అని గుర్తుంచుకోండి. ఆ మెట్లెక్కి, లోపలి గదిలో కూర్చుని మనసు విప్పిన మొదటి మనిషి ఆవిడే. ఎక్కడికని మాత్రం అడగకండి. అడిగితే ప్రతి వారం ఒకే మాట చెబుతుంది: "నరసింగరావు కూతురు పోయినాదంట, పలకరించి వొస్తాను."