అడవిపంది అంటే ఏమిటి?

"ఇకమీదట రాష్ట్రంలో ఏ ప్రాణికీ రెండు అర్థాలు ఉండవు" అని మంత్రిగారు జనగామ సభలో ప్రకటించారు. అప్పటిదాకా ఉన్నాయని మాకెవరికీ తెలియదు. అయినా చప్పట్లు కొట్టాం.

విషయం ఇది. అడవులు చూసే శాఖ కంప్యూటర్‌లో ప్రాణుల నిర్వచనాల పట్టిక ఒకటుంది. పంటలు చూసే శాఖకు మరొకటుంది. ఇలాంటి పట్టికను ఆన్‌టాలజీ అంటారట. మొదటిదాంట్లో అడవిపంది 'కాపాడవలసిన ప్రాణి'. రెండోదాంట్లో 'నివారించవలసిన పంట శత్రువు'. పంది ఒక్కటే, పట్టికలు రెండు. అందుచేత గూడూరు అవతల అడవి పక్కన ఎకరన్నర మక్కజొన్న వేసిన భాగ్యమ్మ, సోలార్ కంచె కోసం పెట్టుకున్న దరఖాస్తును ఈ శాఖ ఆ శాఖకూ, ఆ శాఖ ఈ శాఖకూ పంపుతున్నాయి.

మంత్రిగారు సమన్వయ కమిటీ వేశారు. జీవశాస్త్రం చెప్పే టీచరు ఒకరుండాలన్నారు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకుండా పోయిన ఏడాది అది. నేను ఒప్పుకున్నాను.

మహబూబాబాద్‌లో మొదటి సమావేశం. అధ్యక్షులు జాయింట్ డైరెక్టర్ ప్రకాశ్‌గారు. ఎంతటి ఓపిక గల మనిషంటే, 'అడవి' అనే మాట దగ్గరే మధ్యాహ్నం దాకా ఆగారు. ఈలోగా భాగ్యమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

"కంకులు పాలు పోసుకున్నయి సారూ. పందులు ఇయ్యాల్నో రేపో దిగుతయి. కంచె ఎప్పుడొస్తది?"

"ముందుగాల పంది అంటే ఏందో తేలాలె గదమ్మా" అన్నారు ప్రకాశ్‌గారు.

"నాకు పోయినేడే తేలింది."

"గది నీ అనుభవం. మాకు నిర్వచనం కావాలె."

"ఒక్క రాత్రి నా చేన్ల కూసోండ్రి. అదే వచ్చి చెప్తది."

ప్రకాశ్‌గారు దీన్ని 'ఫీల్డ్ ఇన్‌పుట్' అని మినిట్స్‌లో రాయించారు.

రెండో సమావేశంలో చర్చ బాగా లోతుకు వెళ్లింది. అడవిలో ఉంటే పంది ఆ శాఖది, చేన్లోకి వస్తే ఈ శాఖది అని దాదాపు కుదిరింది.

"ముంగటి కాళ్లు చేన్ల, ఎన్కటి కాళ్లు అడవిల ఉంటే?" అని అడవుల శాఖ యాకయ్యగారు అడిగారు.

"తినేది నోరు గద సార్" అన్నాను నేను.

నోటి మీద సబ్‌కమిటీ వేశారు.

మూడో సమావేశంలో కాపాడటం, నివారించటం రెండూ తీసేసి, ఎవరికీ నొప్పి కలగని నిర్వచనం సాధించారు. 'అడవి అంచున నివసిస్తూ, రాత్రిళ్లు మేలుకొని, మక్క మీద బతికే ప్రాణి.' రెండు శాఖలూ సంతకాలు పెట్టాయి. అందరూ మిర్చి బజ్జీలు తిన్నారు.

ప్రాణుల పట్టికా, దరఖాస్తులూ ఒకేచోట ఉండే కొత్త పోర్టల్‌ను మంత్రిగారు భూపాలపల్లిలో మీట నొక్కి ప్రారంభించారు. దాని గొప్పతనం ప్రకాశ్‌గారు వివరించారు. ఒకే అర్థం గల రికార్డులు రెండు కనబడితే ఒకటి ఉంచి రెండోది అదే తీసేస్తుంది. మనిషి చెయ్యి పడదు.

పాత దరఖాస్తులు చెల్లవు కాబట్టి భాగ్యమ్మ కోసం నేనే మళ్లీ నింపాను. 'జీవన విధానం' అనే గడి ఉంది. ఆమె చెబుతుంటే ఒక్క మాట కూడా కలపకుండా రాశాను: అడవి అంచున ఉంటాను. రాత్రంతా మంచె మీద మేలుకుంటాను. మక్క మీదే బతుకు.

మర్నాడే పోర్టల్‌కు తొలి విజయం దక్కింది. రెండు రికార్డులు ఒకటే అని పట్టుకుంది. ముందు నమోదైనదాన్ని ఉంచి, తర్వాత వచ్చినదాన్ని తొలగించింది. తొలగించినదాని చేనూ, కంచె కోరికా ఉంచినదాని పేరుకు మార్చింది. పత్రికల్లో మంత్రిగారి ఫొటో కూడా వచ్చింది.

పది రోజులకల్లా కంచె వేశారు. ఇంత వేగం నా సర్వీసులో చూడలేదు. చేనుకు మూడు వైపులా తీగలు. అడవి వైపు మాత్రం, లబ్ధిదారు రాకపోకలకు ఇబ్బంది కలగకుండా, వదిలారు. లోపల ఏడు పందులు కంకులు విరుచుకుంటూ తింటున్నాయి. ప్రకాశ్‌గారు వాటిని ఫొటో తీసుకుంటున్నారు.

ఇవతలి గట్టు మీది నుంచి భాగ్యమ్మ తీగను వేలితో తాకి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. కరెంటు బాగానే ఉంది.

లోపలి పందుల్ని చూసి నా వైపు తిరిగింది.

"సారూ, దాని దరఖాస్తు ఎవలు రాసిండ్రు? మస్తు మంచిగ రాసిండ్రు."